చెల్లు రాసేసిన నోటుకి మళ్లీ వడ్డీ కట్టాలా?

తిరుపతి నుంచి ఒక చెల్లెలు నాలుగు పేజీల ఉత్తరం రాసింది. పేరు వేయొద్దంది, వేయడం లేదు. గుర్తుపట్టే వివరాలు కూడా కొన్ని మార్చాను. సంగతి ఇది.

ఆమెకి ముప్పై ఏళ్లు. పుట్టింది శ్రీకాళహస్తి దగ్గర ఒక పల్లెలో, తాతల కాలం నుంచి లూథరన్ కుటుంబం. పెళ్లయి తిరుపతి వచ్చింది. ఆయన స్పేర్ పార్టుల షాపులో పనిచేస్తాడు, ఈమె ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. అత్తగారి వాళ్లు వెళ్లేది రేకుల షెడ్డులో నడిచే ఒక చిన్న స్వతంత్ర సంఘానికి, పెళ్లయినప్పటి నుంచి ఈమెదీ అదే సంఘం. నిరుడు మూడో నెలలో కడుపు పోయింది. ఆ తర్వాత ఒక ఉపవాస ప్రార్థనలో లేచి నిలబడి, మళ్లీ నెల తప్పితే నా మూడు సవర్ల చైన్ మందిరం స్లాబుకి ఇస్తాను ప్రభువా అని అందరూ వినేలా మొక్కుకుంది. నెల తప్పింది. అంతలోనే అత్తకి కిడ్నీలో రాళ్లు, ఆపరేషన్, చేతిలో డబ్బు లేదు, చైన్ బ్యాంకులో కుదువకి పోయింది. పదకొండో వారంలో ఆ గర్భమూ పోయింది.

పాస్టరు గారు ఇంటికొచ్చి ప్రార్థన చేసి, వెళ్లబోయే ముందు కూర్చోబెట్టి చెప్పారట: మొక్కుబడి ఎగ్గొట్టావు, దేవుడు తన భాగం తాను తీసుకున్నాడు, దావీదు బిడ్డ సంగతి చదువుకో, చైన్ ఇచ్చి సంఘం ముందు ఒప్పుకునేదాకా ప్రభు బల్లలో (యేసు చివరి భోజనానికి గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారంలో) చెయ్యి పెట్టొద్దు, అయోగ్యంగా తీసుకుంటే ఇంకా ప్రమాదం అని. అప్పటి నుంచి ఏడు నెలలు. ప్రతి మొదటి ఆదివారం రొట్టె పళ్లెం రెండో వరుసకి వచ్చేసరికి ఈమె లేచి బయటికి వెళ్లిపోతుంది. "చెప్పులు విడిచిన చోట నిలబడతానక్కా, ఎవరైనా తొంగి చూస్తే ఫోను వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుంటాను" అని రాసింది. వాళ్లమ్మేమో అప్పో సప్పో చేసి ఇచ్చేసి వదిలించుకో అంటోంది. భర్త, "చైన్ కోసం బిడ్డని తీసుకునే దేవుడైతే నాకక్కర్లేదు" అని మందిరం మానేశాడు. అత్త తన ఆపరేషన్ వల్లే ఇదంతా అని ఏడుస్తోంది.

అడిగింది మూడు. చైన్ ఇవ్వాలా? బల్ల తీసుకోవచ్చా? అన్నిటికన్నా ముందు: "సిలువ మీద ఆయన రక్తం చాలిందని చిన్నప్పటి నుంచి పాడుకుంటున్నాం కదా, మరి నా బిడ్డ రక్తం ఎందుకు కావాల్సి వచ్చింది?"

చెల్లీ,

నీ వయసుకి నేను పెద్దమ్మ వరస అవుతాను గానీ నువ్వు అక్కా అన్నావు కాబట్టి అలాగే కానీ. నేను పాస్టర్ని కాను, చిత్తూరులో పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరయిన దాన్ని, ఆదివారం బడి మాత్రం ఇంకా వదల్లేదు. ఆ మేరకే నా మాట తీసుకో.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాలుగు పేజీల్లో చైన్ గురించి రెండు పేజీలు ఉంది, బిడ్డ గురించి ఐదు లైన్లు ఉంది. నిన్ను తప్పు పట్టడానికి అనడం లేదు. ఏడవాల్సిన రోజుల్లో నీ చేతికి బిల్లు ఇచ్చారు, నువ్వు అప్పటి నుంచి ఆ బిల్లే చూసుకుంటున్నావు. రెండు బిడ్డల్ని పోగొట్టుకున్నావు తల్లీ. ముందు అది. మిగతాదంతా ఆ తర్వాత.

డాక్టరు మాట ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఎవరూ నీకు చెప్పినట్టు లేదు. గర్భం అని తెలిసిన తర్వాత నూటికి 10 నుంచి 20 దాకా నిలవవు, అందులో ఎక్కువ మొదటి మూడు నెలల్లోనే పోతాయి. అలా తొలి నెలల్లో పోయిన వాటిలో సగం దాకా పిండంలో క్రోమోజోముల లెక్క తప్పడం వల్ల పోయినవే, అంటే నీకు నెల తప్పిందని తెలియకముందే, నువ్వు చైన్ తీసుకుని బ్యాంకు మెట్లెక్కకముందే జరిగిపోయిన పని. నీ విషయంలో కారణం అదేనని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. అందుకే పరీక్షలు. రెండుసార్లు పోయిందంటే అడిగి చేయించుకోవాల్సిన టైమే: థైరాయిడ్, షుగర్, యాంటీఫాస్ఫోలిపిడ్ అనే రక్త పరీక్ష, గర్భసంచి ఆకారం చూసే స్కాన్, డాక్టరు అవసరమంటే ఇద్దరి క్రోమోజోముల పరీక్ష. తిరుపతిలోనే ప్రసూతి ఆసుపత్రి ఉంది, కాదంటే వేలూరు సీఎంసీ ఉంది. ఇద్దరూ కలిసి వెళ్లండి.

ఇక నీ అసలు ప్రశ్న.

కొత్త నిబంధన, అంటే దేవుడు మనుషులతో చేసే కొత్త ఒప్పందం, అన్న మాట బైబిల్లో మొట్టమొదట ఎక్కడొస్తుందో గుర్తుందా? యిర్మీయా 31వ అధ్యాయం, 31వ వచనం. ఆ ఒక్క వచనం మనవాళ్లు బల్ల రోజున చదివి వదిలేస్తారు, అధ్యాయం మొత్తం చదవరు. ఈ రాత్రి 15వ వచనం నుంచి చదువు. బబులోను సైన్యం యెరూషలేముని నాశనం చేసిన కాలం, క్రీ.పూ. 587 ప్రాంతం, జనాన్ని సంకెళ్లేసి నడిపించుకుపోయిన దారిలో రామా అనే ఊరు. ఆ ఊళ్లో ఏడుపు వినబడుతోంది అంటాడు ప్రవక్త, ఆ జనానికి ఆదితల్లి లాంటి రాహేలు తన పిల్లల కోసం ఏడుస్తోంది, పిల్లలు లేరు కాబట్టి ఎవరు ఓదార్చినా ఓదార్పు వద్దంటోంది. చూశావా, కొత్త నిబంధన గురించి చెప్పబోయే అధ్యాయంలో, ఆ మాటకన్నా ముందు వినబడేది బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి ఏడుపు. దేవుడు ఆమెని, ఏ మొక్కు తీర్చలేదు నువ్వు, అని అడగడు. (ఆ తర్వాతి వచనంలో పిల్లలు తిరిగొస్తారన్న మాట చెరలోకి పోయినవాళ్ల గురించి. దాన్ని పట్టుకొచ్చి నీకు మళ్లీ బిడ్డ పుడుతుందని నేను హామీ ఇవ్వను. ఎవరైనా ఇస్తే నమ్మకు.)

ఇంకొంచెం కిందికి దిగితే 29వ వచనం. ఆ కాలంలో జనం నోట్లో నానే సామెత ఒకటి ఉండేది, తండ్రులు పుల్లటి ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయని. మన పల్లెల్లో పెద్దలు చేసిన పాపం పిల్లలకి తగిలింది అంటారు చూడు, అదే. ఆ సామెత ఇక ఎవరూ అనరు అంటాడు దేవుడు. అన్న రెండు వచనాలకే, ఇదిగో నేను కొత్త నిబంధన చేస్తాను అంటాడు. అంటే తల్లి బాకీ బిడ్డ మీద వసూలు చేసే లెక్కని పక్కకి నెట్టి, ఆ పక్కనే ఈ మాట చెప్పాడు. మీ పాస్టరు గారు చెప్పింది ఆ పాత సామెతే. కొత్త నిబంధన రొట్టె పంచుతూ నీకు పుల్లటి ద్రాక్షకాయ ఇచ్చారు.

పాత నిబంధన ఎలా జరిగిందో నిర్గమకాండం 24లో ఉంది. మోషే ఎద్దుల రక్తం సగం బలిపీఠం మీద, సగం జనం మీద చల్లాడు. జనం ఏమన్నారు? యెహోవా చెప్పినవన్నీ చేస్తాం అన్నారు. మోషే కొండ మీద ఉన్న నలభై రోజులు తిరక్కుండానే బంగారు దూడని పోతపోసి దండం పెట్టారు. నేనేమీ వాళ్లని వెక్కిరించడం లేదు, జనవరి ఒకటిన మనం చేసే తీర్మానాలు సంక్రాంతి దాకా నిలవవు. యిర్మీయా చెప్పిన కొత్త నిబంధనలో మాత్రం "చేస్తాం" అనే గొంతు మనుషులది కాదు. నేను వాళ్ల హృదయం మీద రాస్తాను, నేను వాళ్ల దేవుడిగా ఉంటాను, వాళ్ల పాపాలు ఇక జ్ఞాపకం చేసుకోను, అన్నీ ఆయన చేసే పనులే. యేసు చనిపోయే ముందు రాత్రి గిన్నె ఎత్తి, ఇది నా రక్తం వలనైన కొత్త నిబంధన అన్నప్పుడు ఆ గదిలో ఉన్నవాళ్లు ఎవరో లూకా 22లో చూడు. గిన్నె ఇచ్చిన వెంటనే, నన్ను అప్పగించేవాడి చెయ్యి ఇదే బల్ల మీద ఉంది అంటాడు. నేను చెరకైనా చావుకైనా సిద్ధం అని గట్టిగా మాటిచ్చినవాడు పేతురు, కోడి కూసేలోపు ఆ మాట ఏమైందో ఆదివారం బడి పిల్లలు కూడా చెబుతారు. మొట్టమొదటి బల్ల చుట్టూ ఉన్నది మాట నిలబెట్టుకున్నవాళ్లు కాదు. నువ్వేమో మాట నిలబెట్టుకోలేదని చెప్పుల దగ్గర నిలబడుతున్నావు.

మా ఇంట్లో జరిగిందొకటి చెప్పాలి. నేను ఎనిమిదో క్లాసులో ఉండగా మా నాన్న అన్నయ్య హాస్టల్ ఫీజు కోసం ప్రోనోటు రాసి అప్పు తెచ్చాడు. మూడేళ్లు కట్టాడు. కట్టినప్పుడల్లా నోటు వెనక యాభై ముట్టింది, డెబ్బై ముట్టింది అని ఒకదాని కింద ఒకటి రాసేవారు. ఆఖర్న ఆ పెద్దాయన, అసలు వడ్డీతో సహా పూర్తిగా ముట్టింది, చెల్లు, అని రాసి సంతకం పెట్టి, ముందు వైపు రెవెన్యూ స్టాంపు మీదున్న నాన్న సంతకాన్ని అడ్డంగా చించి నోటు చేతికిచ్చాడు. కొన్నాళ్లకి ఆయన పోయాడు. ఆయన కొడుకు ఒక మధ్యాహ్నం మా ఇంటి మెట్ల మీద నిలబడి, మీ బాకీ ఇంకా ఉందంట కదమ్మా అన్నాడు. నాన్న ఇంట్లో లేడు. మా అమ్మకి అప్పు తీరిందని తెలుసు. తెలిసి కూడా చేతులు వణుకుతుంటే చెవి కమ్మలు తీయడం మొదలుపెట్టింది. ఒక కమ్మ తీసేసింది, రెండోదాని శీల రావడం లేదు. ఆ లోపు నాన్న వచ్చి, ట్రంకుపెట్టెలో పెళ్లి పట్టుచీర కింద నుంచి ఆ చినిగిన నోటు తీసి చూపించాడు. ఆ అబ్బాయి చూసి సరే అని వెళ్లిపోయాడు, మంచివాడే, తెలియక వచ్చాడు.

కొలొస్సయులకు రాసిన పత్రిక 2:14 చదివినప్పుడల్లా నాకు మా అమ్మ ఒక చెవికి కమ్మ లేకుండా నిలబడిందే కళ్లముందు కనిపిస్తుంది. మన మీద ఋణంగా ఉన్న పత్రం, దాని మీది చేవ్రాత తుడిచేసి, మేకులతో సిలువకి కొట్టాడు అని ఉంటుంది అక్కడ. హెబ్రీ పత్రిక ఇంకో పోలిక వాడుతుంది, వీలునామా. గ్రీకులో నిబంధనకీ వీలునామాకీ ఒకటే మాట, అందుకే మన తెలుగు బైబిల్లో 9వ అధ్యాయంలో హఠాత్తుగా మరణశాసనం అని వస్తుంది. రాసినవాడు చనిపోతే వీలునామా అమల్లోకి వస్తుంది. వారసులు చనిపోనక్కర్లేదు, వారసుల పిల్లలు అసలే చనిపోనక్కర్లేదు. పదో అధ్యాయానికి వస్తే, యాజకుడు రోజూ నిలబడి అవే బలులు మళ్లీ మళ్లీ అర్పిస్తాడు, క్రీస్తు ఒక్కటే బలి అర్పించి కూర్చున్నాడు అంటుంది. పని అయిపోయినవాడే కదా కూర్చునేది. ఆ అధ్యాయం 18వ వచనానికి ఎర్రపెన్నుతో గీత గీసి పెట్టుకో: క్షమాపణ కలిగిన చోట పాపం కోసం ఇక బలి ఉండదు. నీ ప్రశ్నకి జవాబు అదే చెల్లీ. నీ బిడ్డ రక్తం ఎవరికీ కావాల్సి రాలేదు. ఎవరూ అడగలేదు, ఎవరూ తీసుకోలేదు.

మరి ఎందుకు పోయింది అంటావేమో. కొంతవరకు డాక్టరు చెప్పొచ్చు. దేవుడు ఎందుకు ఆపలేదు అన్నదానికి నా దగ్గర జవాబు లేదు, ఉందన్నవాళ్లని చూస్తే నాకు అనుమానం. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, ఎవరు పాపం చేస్తే ఇలా పుట్టాడు, వీడా వీళ్ల అమ్మానాన్నలా, అని శిష్యులు అడిగితే యేసు ఇద్దరూ కాదన్నాడు. అంతవరకు మాత్రం గట్టిగా చెప్పగలను.

అన్నట్టు, నా ప్రోనోటు పోలికని కూడా మరీ లాగొద్దు. దేవుణ్ణి అప్పులవాడిగా, ఎవరో ఒకరు కట్టేదాకా వదలనివాడిగా ఊహించుకుంటే మళ్లీ అదే భయం దగ్గరికి వస్తాం. నోటుని మేకు కొట్టింది అప్పిచ్చిన ఆయనే. క్రీస్తు చావు ఎలా పనిచేసిందో వివరించడానికి సంఘ చరిత్రలో ఎప్పుడూ ఒకే మాట లేదు. మన శిక్ష తాను మోశాడని కొందరు, మరణాన్నీ సాతానునీ గెలిచాడని కొందరు, విడిపించే వెల అని కొందరు. 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో పెద్దలు ఖరారు చేసిన విశ్వాస ప్రమాణం కూడా మన కోసం సిలువ వేయబడ్డాడు అని ఆగిందే గానీ లెక్క విప్పి చూపించలేదు. ఒక్కసారే జరిగింది, మళ్లీ జరగనక్కర్లేదు అన్న దగ్గర మాత్రం అందరూ కలుస్తారు.

ఇప్పుడు మొక్కు. మనం ఉండేది తిరుపతి చుట్టుపక్కల, మొక్కు అనేది ఇక్కడ గాల్లోనే ఉంటుంది. తలనీలాలిచ్చేవాళ్లు, ఒంటి మీద నగలన్నీ హుండీలో వేసే నిలువుదోపిడీ మొక్కు ఉన్నవాళ్లు మన ఇరుగుపొరుగే. మా పక్కింటావిడ వడ్డీకాసులవాడు ఊరుకోడమ్మా అని నవ్వుతూ, ముద్దుగా అంటుంది, ఆమెకి ఆయనంటే భయం కన్నా చనువెక్కువ. అది వాళ్ల నమ్మకం, దాని మీద నేను మాట్లాడను. నాకు విచిత్రంగా అనిపించేది ఏంటంటే, మాది అలాంటి లెక్క కాదు, మాది కృప అని మైకులో చెప్పే మనం, ఆ వసూలు భయాన్ని మాత్రం తెచ్చుకుని చనువుని అక్కడే వదిలేశాం.

ప్రసంగి 5లో మొక్కుకుంటే ఆలస్యం చేయకుండా చెల్లించు అని ఉంది, నిజమే, దాన్ని లేదనలేను. కానీ అది పూర్తిగా పాత నిబంధన లెక్కేనని నువ్వు ఒప్పుకున్నా, ఆ లెక్కలో కూడా దయ ఉంది. లేవీయకాండం 27లో మొక్కుకున్నవాడు వెల చెల్లించలేనంత బీదవాడైతే యాజకుడు అతని తాహతుని బట్టి వెల తగ్గించాలి అని ఉంది. సంఖ్యాకాండం 30లో భార్య చేసిన మొక్కుని భర్త విన్న రోజే కాదంటే అది రద్దు, యెహోవా ఆమెని క్షమిస్తాడు అని ఉంది. (ఇది చెప్పి మీ ఆయన చేతికి కర్ర ఇవ్వడం నా ఉద్దేశం కాదు. మోషే కాలంలోనే సడలింపు ఉందని చూపించడానికి చెప్పాను, అంతే.) పైగా నీ బంగారం పోయింది చీరలకి కాదు, మీ అత్త ఆపరేషన్‌కి. కొర్బాను, దేవుడికి ఇచ్చేశాం అని చెప్పి తల్లిదండ్రులకి సాయం ఎగ్గొట్టేవాళ్లని యేసు మార్కు 7లో ఎలా తిట్టాడో చూడు. ఆయన చూపుతో చూస్తే ఆ చైన్ వెళ్లాల్సిన చోటికే వెళ్లిందేమో.

దావీదు బిడ్డ సంగతి కూడా తేల్చేద్దాం, నిన్ను బాగా పొడిచింది అదే అని అర్థమైంది. ఆ కథలో నాతాను అనే ప్రవక్త దావీదు రాజు దగ్గరికి, అతను చేసిన హత్య, వ్యభిచారం గురించి ఒక మాట తెచ్చాడు, నీకు పుట్టిన బిడ్డ చనిపోతాడని. అది ఆ ఒక్కడికి వచ్చిన మాట. కడుపు పోయిన ప్రతి ఆడదాని ఇంటికీ పట్టుకెళ్లే సర్క్యులర్ కాదు. సరే, నీకూ అదే వర్తిస్తుందని వాదన కోసం ఒప్పుకుందాం, అప్పుడైనా 2 సమూయేలు 12:20 చదవాలి కదా. బిడ్డ పోయాడని తెలిశాక దావీదు లేచి, స్నానం చేసి, బట్టలు మార్చుకుని, నేరుగా యెహోవా మందిరానికి వెళ్లాడు. తర్వాత ఇంటికొచ్చి భోంచేశాడు. అంత చేసినవాణ్ణి కూడా వాకిలి దగ్గర ఆపలేదు.

బల్ల గురించి. 1 కొరింథీ 11లో అయోగ్యముగా అన్న మాట తినే పద్ధతి గురించి, తినేవాడి అర్హత గురించి కాదు. క్రీ.శ. 55 ప్రాంతంలో కొరింథు సంఘంలో డబ్బున్నవాళ్లు ముందే వచ్చి కడుపునిండా తిని తాగుతుంటే, లేనివాళ్లు ఆకలితో చూస్తూ కూర్చునేవాళ్లు. ఆ పత్రిక రాసిన పౌలు మండిపడింది దాని మీద. బల్ల దగ్గర ఒకర్ని సిగ్గుపరచి బయట నిలబెట్టడం మీద! ఇక 28వ వచనం: తన్ను తాను పరీక్షించుకొని, ఆలాగు చేసి ఆ రొట్టె తినాలి. పరీక్షించుకుని తినాలి అన్నాడు, పరీక్షించుకుని మానేయాలి అనలేదు. నువ్వు కన్ఫర్మేషన్ క్లాసులో లూథర్ గారి చిన్న కాటెకిజం, ఆ ప్రశ్న-జవాబుల పుస్తకం, బట్టీ పట్టే ఉంటావు, 1529 నాటిది. అందులో బల్లకి ఎవరు యోగ్యులు అన్న ప్రశ్నకి జవాబు గుర్తు చేసుకో: ఉపవాసాలూ అవీ మంచివే, కానీ నిజంగా యోగ్యులు, మీ కోసం ఇవ్వబడింది, చిందించబడింది అన్న మాటలు నమ్మినవాళ్లు. నేను నీకు కొత్తగా చెప్పిందేమీ లేదు, పదిహేనేళ్ల కింద నువ్వే అప్పజెప్పిన పాఠం.

ఇంత చెప్పాను గానీ ఏం చేయాలన్నది నువ్వు తేల్చుకోవాల్సిందే, రేపు ఆ ఇంట్లో ఉండేది నువ్వు, ఆ సంఘంలో కూర్చునేది నువ్వు.

చైన్ ఇచ్చేస్తే? వెంటనే గుండె మీద బరువు దిగినట్టు ఉంటుంది, అది నిజం. కానీ విడిపించడానికి ఇంకో అప్పు చేయాలి, ఆ వడ్డీ గురించి మీ ఆయనతో గొడవ. దానికన్నా పెద్దది, రేపు మళ్లీ గర్భం వచ్చి నిలిచిందనుకో, మైకు ముందు నిలబెట్టి చైన్ ఇచ్చాక దేవుడు బిడ్డనిచ్చాడు అని సాక్ష్యం చెప్పిస్తారు, ముందు వరుసలో బిడ్డల్లేని ఇంకో అమ్మాయి అది వింటుంది. నిలవకపోతే, ఇంకేదో బాకీ ఉందంటారు. భయంతో ఒక్కసారి కట్టినవాళ్లని మళ్లీ అడగడం తేలిక. అయినా నీకు సంతోషంగా ఇవ్వాలనే ఉంటే ఇవ్వు, ఎవరు కాదంటారు, కానీ నీ దగ్గర ఉన్నప్పుడు, ఇద్దరూ కూర్చుని అనుకుని, కాన్పు సంగతికి దాన్ని ముడిపెట్టకుండా.

ఇవ్వకుండా ఊరికే ఉంటే? బుద్ధికి సరే అనిపిస్తుంది గానీ కడుపులో చిన్న నొప్పి వచ్చినా ఆ మాటలే గుర్తొస్తాయి. నాకు తోచిన మధ్య దారి ఒకటి ఉంది. ఆ మొక్కు భయంలో చేశాను, తీర్చలేకపోయాను అని దేవుడితో నోరు తెరిచి చెప్పేసెయ్, నమ్మకమైన మనిషి ఒకరు పక్కన ఉంటే ఇంకా మంచిది, మీ ఊరి అయ్యగారైనా, మీ అమ్మైనా. ఆ తర్వాత తాహతుకి తగ్గది ఏదైనా, ఐదొందలైనా సరే, ఆసుపత్రిలో ఎవరికో మందులకి ఇవ్వు. అది బాకీ తీర్చడం కాదు. ఆ మాటని గాల్లో వేలాడనివ్వకుండా ఒక చోట దించడం.

పాస్టరు గారితో మాట్లాడటం. వెళ్తే ఒంటరిగా వెళ్లకు, మీ అత్తని తీసుకెళ్లు, ఆమె కూడా వినాలి. వాదనకి దిగకుండా హెబ్రీ 10:18 తెరిచి, దీనికీ మీరు చెప్పినదానికీ ఎలా పొసగుతుందో చెప్పండి అయ్యగారూ అని అడుగు. ఆయన ఆలోచనలో పడొచ్చు. చాలామందికి పైన చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు, తాము విన్నదే చెబుతుంటారు, మా మెట్ల మీదికొచ్చిన అబ్బాయి లాగా. లేదా వచ్చే ఆదివారం పేరు చెప్పకుండా నీ మీదే ప్రసంగం చేయొచ్చు, దానికి సిద్ధపడి వెళ్లు. రెండోది జరిగితే అక్కడ ఉండి ఓర్చుకోవడం భక్తి అనుకోవద్దు. సంఘం మారడం కూడా తేలిక కాదని నాకు తెలుసు, అత్తింటివాళ్ల స్నేహాలన్నీ అక్కడే, కూరగాయల దగ్గర నుంచి పెళ్లి సంబంధాల దాకా. వదిలేస్తే కొన్నాళ్లు పలకరింపులు తగ్గుతాయి.

బల్లకి ఆ రేకుల షెడ్డులోనే మొదలుపెట్టాలని లేదు. అక్కడ చెయ్యి చాస్తే పళ్లెం పట్టుకున్నాయన పాస్టరు వైపు చూస్తాడేమో, నలుగురి ముందు ఆ అవమానం నీకిప్పుడు వద్దు. నేనైతే ఒక శనివారం బస్సెక్కి పుట్టింటికి పోయి, చిన్నప్పుడు మోకరించిన చోటే తీసుకుంటాను. నీకు ఇంకా చెయ్యి రాకపోతే ఇంకో నెల ఆగు, ఏం కాదు. కానీ ఆ నెల చెప్పుల దగ్గర వద్దు. లోపల కూర్చో, పళ్లెం వస్తే పక్కవాళ్లకి అందించు.

మీ ఆయన అన్నమాట నీకు దూషణలా వినబడి భయపడ్డావు. నాకు అలా వినబడలేదు. చైన్ కోసం బిడ్డని తీసుకునే దేవుడు అక్కర్లేదన్నాడు, అలాంటి దేవుడు నాకూ అక్కర్లేదు, యిర్మీయాకీ అక్కర్లేదు. అతనూ బిడ్డని పోగొట్టుకున్నాడు, ఎవరైనా అడిగారా అతన్ని? మందిరానికి రమ్మని ఇప్పుడే లాగకు. ఆ రెండు తేదీలు, ఆ రెండు స్కాన్లు, ఒక రాత్రి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. చైన్ మాట మాత్రం ఎత్తకు. మీ అత్తతో కూడా, నీ ఆపరేషన్ వల్ల కాదత్తా అని ఒక్కసారి నోటితో చెప్పు. ఆమె అది నీ నోటి నుంచి వినాలని ఎదురుచూస్తోంది, కొడుకు చెప్తే చాలదు.

ఇంకొకటి. కుదువ రశీదు మీద గడువు తేదీ ఎప్పుడుందో రేపే చూసుకో. ఈ గొడవలో పడి దాన్ని మర్చిపోయి ఉంటారు. గడువు దాటితే బ్యాంకువాళ్లు నోటీసు పంపి వేలం వేస్తారు. కనీసం వడ్డీ కట్టి రెన్యువల్ చేయించుకోండి.